జయసాగర్ కొట్టిన దెబ్బ

నా కుడిచెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు. విరగ్గొట్టినవాడి పేరు జయసాగర్. ఆ పేరు తలుచుకుంటే పళ్ళు పటపటలాడతాయి. అయినా అతని గురించి చెప్పాల్సింది నేనే.

అమలాపురం వైపు మనిషి, యాభై దాటాయి. జర్మనీలోని ఎష్‌బోర్న్‌లో మా ఆఫీసే. ఆదివారం ఉదయం చర్చి, మధ్యాహ్నం వాగు, అంతే అతని లోకం. టౌనస్ కొండల్లోంచి దిగే ఆ వాగును నాలుగంగల్లో దాటేయొచ్చు. అందులో ఎవరూ తెచ్చి వదలని, అక్కడే పుట్టి పెరిగే ట్రౌట్ చేపలుంటాయి, ఒంటినిండా ఎర్రచుక్కలు. ఊరి క్లబ్బు ఎనిమిదిమందికే గాలం వేసే కార్డు ఇస్తుంది. పరీక్ష రాసి, పేరిచ్చి, జయసాగర్ పదకొండేళ్ళు ఎదురుచూశాడు. ఆ కార్డును పాస్‌పోర్టు కంటే భద్రంగా దాచుకునేవాడు.

ఒకసారి నన్నూ తీసుకెళ్ళాడు. చేప పడగానే నడుముకు వేలాడే జానెడు దుడ్డుకర్రతో నెత్తిన ఒక్క దెబ్బ, వెంటనే గుండెలో కత్తి. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారింది. "స్పృహ తప్పించకుండా కోస్తే ఇక్కడ నేరమయ్యా. నేరం కాకపోయినా, దానికి మాత్రం నొప్పుండదేంటి?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా నల్లగొండ కాలువల్లో ఒక్కో చేప కోసం ఎవడు కూర్చున్నాడు? బ్యాటరీ, రెండు తీగలు. పది నిమిషాల్లో తట్ట నిండేది.

జూలైలో మన తెలుగువాళ్ళ పిక్నిక్ వచ్చింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే బుద్ధి నాది. అతను చూపించిన చోటికే కారు బ్యాటరీ, ఇన్వర్టరు మోసుకుపోయాను. రబ్బరు బూట్లు తొడుక్కుని, కర్రకు కట్టిన తీగ నీళ్ళలో పెట్టాను. ట్రౌట్లు వెన్ను విరుచుకుని, నోళ్ళు తెరుచుకుని, తెల్లపొట్టలతో తేలాయి. వేలెడు పిల్లలు కూడా వదల్లేదు. "అబ్బో, ఎన్నున్నయో!" అంటూ నా భార్య శ్రావ్య చెప్పులు విడిచి గట్టు దిగబోయింది.

"దిగకమ్మా!" వంతెన మీంచి కేక వినబడింది. జయసాగర్ పరిగెత్తుకొచ్చి, శ్రావ్యను జుట్టుపట్టి వెనక్కి ఈడ్చి పడేశాడు. బ్యాటరీ తీగ ఊడబెరికాడు.

నా పెళ్ళాం మీద చెయ్యేస్తాడా! అరికాలి మంట నెత్తికెక్కింది. "గీ చేపల కోసం ఆడమనిషిని గుంజుతవా? నువ్వెవనివి ఆపనీకి?" అంటూ కర్ర నీళ్ళలోనే వదిలేసి గట్టెక్కి, తీగ మళ్ళీ తగిలించబోయాను. లేవబోయి జారిన శ్రావ్య కాలు నీళ్ళలో ఉంది. నేను చూడలేదు.

చేపల్ని కొట్టే ఆ దుడ్డుకర్ర నా భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకే వినబడింది. రెండో దెబ్బ మూతి మీద. పన్ను ఊడి నెత్తురు గొంతులోకి పోయింది. మూడో దెబ్బకు ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగింది. అతను ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే పోలీసులకు తనే ఫోన్ చేశాడు.

నా మీద కేసు పడింది. పడితే పడనీ, అతణ్ణి మాత్రం వదలదలచుకోలేదు. వాగు గట్టున మనిషి మీద చెయ్యి చేసుకుంటే కార్డు పోతుందని క్లబ్బు నియమం. కట్టు కట్టుకుని మరీ మీటింగుకు పోయి ఫిర్యాదు చదివాను. జయసాగరంటే ప్రాణం పెట్టే ముసలి అధ్యక్షుడు, "ఇతనే రాయి మీద జారాడేమో, సరిగ్గా గుర్తు తెచ్చుకో" అని అతనికి తప్పించుకునే దారి చూపించాడు.

"లేదండి, కొట్టాను. రెండుసార్లు" అంటూ జయసాగర్ కార్డు తీసి బల్లమీద పెట్టాడు. దానిమీంచి చెయ్యి తియ్యడానికి చాలాసేపు పట్టింది.

గెలిచింది నేనే. అయినా అతని వెనకే లేచి పోయాను. బయట అతని కారు దగ్గర పట్టుకున్నాను.

"తీగ గుంజుకుంటే అయిపోతుండె గదన్నా! గంత కొట్టుడేంది? పదకొండేండ్లు చూసినవు ఆ కార్డు కోసం!"

అతను కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"అప్పట్లో మా ఊళ్ళో, మా తమ్ముడు నీళ్ళలో చేపలేరుతున్నాడు. కరెంటు తీగ తగిలించింది నేనే. నీలాగే, చూసుకోలేదు. ఆవేళ నన్నిలా విరగ్గొట్టడానికి గట్టుమీద ఒక్కడంటే ఒక్కడు లేడురా."