బావ ఊడ్చేసిన ఫోల్డరు

మొన్న నా లాప్‌టాప్‌లో ఏదో కొత్త ప్రోగ్రాం ఎక్కించాక, తెర మీద పాత గుర్తొకటి తెల్లకాగితంలా మారిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా ఉలకదు, పలకదు. చూడగానే మా పెద్దక్క మొగుడు గుర్తొచ్చాడు. తెలియని విషయమైతే మరీ గట్టిగా మాట్లాడే మనిషి. అక్క పినపాకలో టైపింగు, జిరాక్సు షాపు నడిపేది. గనిలో గుమాస్తాగా రిటైరైన బావ, పొద్దున్నే తెల్లచొక్కా తొడుక్కుని అక్కడి మంచి కుర్చీ ఆక్రమించి, వచ్చిపోయేవాళ్ళకు సలహాలు పంచేవాడు. ఒక్క అక్షరం టైపు చేసిన పాపాన పోలేదు.

షాపులో ఉన్నది ఒకే కంప్యూటరు, అదీ ముసలిది. ఆన్ చేసి టీ తాగి వస్తే గానీ తెర వెలిగేది కాదు. అలాంటిదానిలో జాతకాలు చెప్పే సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు బావ. జిరాక్సుకొచ్చినవాళ్ళకు గ్రహాలు కూడా చూపిస్తాడట, ఖర్మ! చోటు చాలడం లేదని కంప్యూటరు మొత్తుకుంటే, తెలుగు టైపింగు ఫోల్డరును మొత్తం తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. దాని సీడీ ఎప్పుడో పాడైపోయింది. అయినా తెర మీద దాని గుర్తు బొమ్మ ఉంది కాబట్టి ప్రోగ్రాం భద్రంగా ఉన్నట్టేనని ఆ మహానుభావుడి లెక్క. ఇల్లు కూలగొట్టి, గేటుకున్న పేరు బోర్డు చూసుకుని మురిసిపోయే రకం.

మర్నాడు నేను అక్కను చూడ్డానికి ఖమ్మం నుంచి వెళ్ళాను. బల్ల ముందు ఒక అంగన్‌వాడీ ఆయా నిలబడి ఉంది. మొగుణ్ణి భద్రాచలం దవాఖానాలో చేర్చి నాలుగు రోజులు పనికి రాలేకపోయిందట, నోటీసు ఇచ్చారు. సాయంత్రంలోగా కొత్తగూడెం ఆఫీసులో సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం ఊడుతుంది. బస్సు పన్నెండింటికి, అప్పటికే పదకొండుంబావు. అక్క టైపింగు బొమ్మ నొక్కితే, దాని వెనుక ఉండాల్సిన ఫైలే లేదని వచ్చింది.

“పాతది గద, జర ఆలోచిస్తది. గంత జల్దీ అయితే ఎట్ల?” అన్నాడు బావ. అని ఊరుకున్నాడా, అదే బొమ్మకు నాలుగు కాపీలు తీసి, “ఒకటి గాకుంటే ఒకటి తెరుసుకుంటది” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పినదాన్ని! మౌసు లాక్కుని, ప్రాపర్టీస్ తెరిచి, ఆ బొమ్మ వెతుకుతున్న చిరునామా చూపించి, అక్కడ ఏమీ లేదని చూపించాను.

“బొమ్మ గిట్ల కనబడుతుంటే లేదంటవేందే?” అన్నాడు.

ఇక నేను వదల్లేదు. మళ్ళీ మొదటినుంచి చెప్పాను, కాగితం మీద గీసి చెప్పాను, అరిచి చెప్పాను. ఆయన నోటితో ఒప్పించందే కదిలేది లేదని భీష్మించుకుని కూర్చున్నాను. చివరికి, “అవ్, నేనే తీసిన. అయితే ఏంది?” అన్నాడు. ఎంత హాయిగా అనిపించిందో!

తలెత్తి చూస్తే ఆయా లేదు. అక్క అప్పుడే గడప ఎక్కి లోపలికి వస్తోంది.

“ఆమె ఏదక్కా?”

“చేత్తోనే రాసిచ్చి, బస్సెక్కిచ్చి వచ్చిన. మీ పంచాయితీ తెగిందా?”

ఆయాకు ఉద్యోగం నిలిచింది. ఎండాకాలంలో ఆమె అక్కకు తునికిపండ్లు తెచ్చిపెడితే, సగం బావే తిన్నాడు. ఆయన్ని తెలివైనవాడని నేను ఈనాటికీ అనను. కానీ ఆ రోజు బస్సు వచ్చేలోపు మా ముగ్గురికీ ఉన్నది ఒకే ముప్పావుగంట. అందులో అక్క ఒక మనిషి బతుకుతెరువు నిలబెట్టింది, అన్నీ తెలిసిన నేను బావ చేత అవుననిపించుకున్నాను.