నాకు ఉప్పు, ఆయప్పకు రంగులు

ఆదోని ఊరి బయట, రైలు కట్ట అవతల, ఎనభైల మొదట్లో ఒక ఉప్పు కార్ఖానా ఉండేది. సముద్రం వైపు నుంచి వ్యాగన్లలో వచ్చిన ముతక ఉప్పును అక్కడ కడిగి, ఆరబెట్టి, పొడి చేసి, తోళ్ల పని జరిగే ఊర్లకూ నూలుకు రంగులద్దే ఇండ్లకూ పంపేవాళ్లు. ఆవరణ మధ్యలో ఒక ఉప్పు కుప్ప. ఆ కుప్ప కొన చూడాలంటే తలపాగా వెనక్కు పడిపోయేంత తల ఎత్తాల. కొంగలు దాన్ని దాటలేక చుట్టూ తిరిగి పోయేవి. ఎండాకాలం మధ్యాహ్నం దాని వైపు చూసినోళ్లకు సాయంత్రం దాకా పెండ్లాం మొగం కనపడేది కాదు. మా ఇంటామె ఇంతవరకూ చదివి, "మన మిద్దె అంత ఉంటాదేమో, అంతే గదా" అన్నది. ఆమె దాన్ని చూసింది ఒకేసారి, అదీ బస్సు కిటికీలోంచి. నేను మూడేండ్లు దానికి కాపలా కాసినాను.

నా కాపలా కర్రతో కాదు, సీసాతో. కార్ఖానాల నుంచి బయటికొచ్చే నీళ్లను సీసాలో పట్టి, మూతికి లక్క సీలు వేసి, హైదరాబాదుకు పరీక్షకు పంపే ఆఫీసులో నేను అసిస్టెంటును. ఉప్పు కార్ఖానాకు పెట్టిన షరతు ఒకటే. ఉప్పు కడిగిన నీళ్లు గానీ, కుప్ప మీద పడిన వాన నీళ్లు గానీ చుక్క కూడా ప్రహరీ దాటగూడదు. కుప్ప చుట్టూ కట్ట వేసి, నీళ్లన్నీ లోపలే బండలు పరిచిన గుంతలోకి మళ్లించుకోవాల. ఆ కట్టా లేదు, ఆ గుంతా లేదు. గోడ కింద ఒక తూము మాత్రం ఉండేది. అయితే తూములో నీళ్లు పోతున్నట్టు సీసా సాక్ష్యం ఉంటే తప్ప వాళ్లను ఏమీ అనడానికి లేదు. వాన నీళ్ల సాక్ష్యం వానలోనే పట్టాల.

ఆదోనిలో వాన కోసం కాచుకొనే ఉద్యోగం ఎట్లుంటాదో ఆలోచించండి. నేను పోయినప్పుడల్లా మేనేజరు నన్ను చేయి పట్టుకొని తూము దగ్గరికి తీసకపోయేవాడు. తూములో బల్లి పండుకొని ఉండేది.

"చూడండి సార్, చుక్కన్నా పోతాందా?"

"పోతలేదు."

"టీ తాగుతారా?"

నా రిపోర్టుల్లో నెలల తరబడి ఒకటే మాట, 'తూము ఎండి ఉన్నది.' మా ఆఫీసరు ఒకరోజు కళ్లద్దాలు తీసి, "ఏమప్పా, నువ్వు రాసేది రిపోర్టా, రేడియోలో చెప్పే వాతావరణమా?" అన్నాడు. పక్కనే నిలబడిన ఆయప్ప నవ్వలేదు. నవ్వింటే బాగుండు, పగ పెట్టుకోవడానికి ఒక కారణమన్నా దొరికేది.

ఆయప్ప అంటే ఎమ్మిగనూరు వైపు చూసే నా తోటి అసిస్టెంటు. నాకంటే ఐదేండ్లు చిన్న, జానెడు పొడుగు. నా నెత్తి మీంచి రాలిపోయిన జుట్టంతా లెక్క ప్రకారం ఆయన నెత్తినే మొలిచినట్టుండేది. ఆయనకు ఇచ్చినవి నేతపని వాళ్ల వీధుల్లో నూలుకు రంగులద్దే ఇండ్లు. ఆ ఇండ్ల ముందర కాలవల్లో సోమవారం ఎరుపు, మంగళవారం పచ్చ, బుధవారం నెమలి మెడ రంగు పారేది. ఆయన పట్టిన సీసాలు ఆఫీసరు బల్ల మీద వరసగా పెడితే షర్బతు అంగడి మాదిరి ఉండేది. వచ్చినోళ్లకంతా ఆఫీసరు వాటిని ఎత్తి కిటికీ వెలుగులో చూపించేవాడు. "చూడండి, మనవాడి పని!" అని. మనవాడు! మూడేండ్లలో నన్ను ఆఫీసరు ఏమనేవాడో తెలుసా? "ఆ ఉప్పాయన."

ఎప్పుడన్నా లోపలి తొట్టి నుంచి నేనూ ఒక సీసా పట్టి తెచ్చేవాణ్ణి. ఉప్పు నీళ్లకు రంగెక్కడిది? గంగాజలం ఇంత తేటగా ఉండదు. ఒకసారి ఆ సీసాను అటెండరు బావి నీళ్లనుకొని టీ కాచి ఆఫీసరుకు ఇచ్చినాడు. ఆయన ఉమ్మిన టీ గోడ మీదున్న క్యాలెండరు దాకా పోయింది. నా శాంపిల్‌కు మూడేండ్లలో దొరికిన గుర్తింపు అంతే.

నాకు మాత్రం రాత్రింబవళ్లు ఒకటే రగులుడు. ఆయప్ప చొక్కా మీద నీలం మరక పడితే, ఎంత పని చేస్తున్నాడో అనేవాళ్లు. నా చొక్కా మీద ఉప్పు చారలు పడితే, చెమట అనేవాళ్లు.

ఇంక పెద్దాయన సంగతి చెప్పాల. కార్ఖానా గోడకు దిగువన, చిన్న వంక అవతల, ఒక సాయిబుల పెద్దాయనకు కొంచెం చేను, ఒక బావి ఉండేవి. ఎర్రగడ్డలు, మిరప పెట్టేవాడు. ఇల్లంతా తాగేది ఆ బావి నీళ్లే. కుప్ప వచ్చినప్పటి నుంచి, వాన పడినప్పుడల్లా తూము నీళ్లు వంకలోకి దిగి, వంకలోంచి ఆయన చేన్లోకి ఎక్కేవి. ఎర్రగడ్డల కొసలు కాల్చినట్టు మాడిపోయేవి. బావి నీళ్లు ఉప్పనైనాయి. ఆయన ఎనుము ఆ బావి తొట్టి దగ్గరికి వచ్చి, మూతి ముంచి, ఆయన మొగం చూసి, తల తిప్పుకొని పోయేది.

"ఎండలో వచ్చి ఏం జూస్తావప్పా?" అన్నాడు నన్ను. "వానలో రా. నేనే చెయ్యి పట్టుకొని సూపిస్తా."

"ఈసారి వాన పడితే నేను ఈడనే ఉంటా పెద్దాయనా."

"పోయిన సారీ అట్లే అన్నావు."

"పోయినసారి జ్వరం."

"వానకు జరం రాలేదు గదా, అది వచ్చె." ఆయన నవ్వినాడు, కోపం లేదు. తరువాత నెమ్మదిగా అన్నాడు: "ఇంకొక్క వాన ఈ నీళ్లు తాగితే బాయి పోతాది. బాయి పోతే మేమూ కోసిగి వాళ్ల మాదిరి మూటలు నెత్తిన పెట్టుకొని, ఊరిడిసి సుగ్గికి, కూలి పనులకు పోవల్ల. ఈ వయసులో నాకు యాడ పని ఇస్తారప్పా?"

ఆ వారమే ఆఫీసరు చెప్పినాడు, ఈ వానాకాలం దాటేలోపు శాంపిల్ లేకుంటే ఉప్పు కార్ఖానా ఫైలు మూసేస్తామని. అదే నోటితో, అదే గుక్కలో, ఆయప్పను శిక్షణకు హైదరాబాదు పంపుతున్నామని కూడా చెప్పినాడు. నా చెవులకు రెండో మాటే వినపడింది.

ఆదోనిలో మేఘాల సంగతి మా ఊరోళ్లకంతా తెలుసు. కొండల మీద నల్లగా పేర్చుకుంటాయి, ఊరంతా మంచాలు లోపలికి తీసకపోతాది, అవి తీరిగ్గా ఎమ్మిగనూరు వైపు పోయి కురుస్తాయి. మేఘాలకు కూడా ఆయప్ప ఏరియానే కావాల! మూడు రోజులు అట్లే పోయినాయి. నాలుగో రోజు పొద్దున మళ్లీ నల్లగా కమ్మినాయి. ఇవి కూడా అటే పోతాయిలే అని తీర్మానం చేసుకొని, నేను కూడా వాటి వెంట ఎమ్మిగనూరు బస్సెక్కినాను. ఎందుకంటే ఆ రోజు బుధవారం. ఎమ్మిగనూరుకు రైలు లేదు కాబట్టి బుధవారం బుధవారం ఆయప్ప తన సీసాల పెట్టె ఎత్తుకొని ఆదోని స్టేషనుకు వస్తాడు, హైదరాబాదు పంపడానికి. ఆయన లేని పూట ఆయన కాలవలు చూసి, ఏదో ఒక తప్పు పట్టుకోవాల. అదీ నా ఆలోచన. దారిలో ఎదురొచ్చిన బస్సు కిటికీలో ఆయన ఒళ్లో పెట్టె పెట్టుకొని కూర్చున్నాడు. నేను కండువా మొగానికి చుట్టుకున్నాను.

ఎమ్మిగనూరులో రంగులద్దే ఒక ఇంట్లో నూలు పిండుతున్న ఆమె మోచేతుల దాకా ఎర్రగా ఉంది. నన్ను చూసి, "ఆ సార్ రాలేదా?" అన్నది.

"నేనూ సారునే."

"అట్లనా" అని మళ్లీ నూలు పిండుకుంది. నేను వెతికినాను. ఆ ఇంటి వెనక రంగునీళ్లు నిలబెట్టే గుంత కొత్తగా తవ్వి, బండలు పరిచి, కాలవలోకి దాదాపు తేట నీళ్లు పోయేట్టు చేసినారు. మూలమూలా గుచ్చి గుచ్చి చూసినా ఒక్క పగులూ లేదు.

"ఎవరు కట్టినారు ఈ గుంత?"

"మేమే. ఆ సార్ మాతో పాటే బండలు మోసినాడు. రెండు పూటలు." ఆమె నా సంచి వైపు చూసింది. "మీరేం మోస్తారు సార్?"

నేను ఏం మోస్తున్నానో ఆమెకు చెప్పలేను గదా. బయటికొచ్చి ఆకాశం చూసినాను. ఎమ్మిగనూరు మీద ఎండ కాస్తాంది. ఆదోని వైపు మాత్రం ఆకాశం కాటుక డబ్బీ బోర్లించినట్టుంది. జన్మలో మొదటిసారి మేఘాలు మనసు మార్చుకున్నాయి.

నందవరం నుంచి రావాల్సిన బస్సు రాలేదు. వచ్చినాక డ్రైవరు దోశ తినడానికి పోయినాడు. ఆ మనిషి తిన్నది ఒక్క దోశ కాదు, కట్టకట్టిన దోశలు. దారిలో ఒక గొర్రెల మంద, దాని వెనక ఇంకో మంద, ఆంధ్రదేశంలో ఉన్న గొర్రెలన్నీ ఆ రోజు ఆ రోడ్డు మీదనే. నేను కార్ఖానా దగ్గర దిగేటప్పటికి వాన వెలిసింది. తూము కింద బొట్టు బొట్టు రాలుతాంది, అంతే.

వంకలో మోకాళ్ల లోతు బురదలో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు నెత్తిన గోనెసంచి కప్పుకున్న పెద్దాయన. ఇంకొకరు ఆయప్ప. జుట్టు కారుతాంది, చొక్కా ఒంటికి అంటుకుంది, చేతిలో నిండు సీసా. స్టేషనులో ఉండగా వాన మొదలైందంట. పెట్టెను బుక్ చేయకుండానే పార్సిల్ ఆఫీసులో పడేసి, ఎవరిదో సైకిలు అడిగి తీసుకొని, మిగిలిన ఖాళీ సీసాతో ఈడికి తొక్కుకుంటూ వచ్చినాడంట. ఆయన రంగుల పెట్టెకు రైలు తప్పిపోయింది.

"అన్నా, నువ్వు ఈడ లేకుంటే ఏదో అయ్యుంటాదనుకున్న్యా" అన్నాడు నన్ను చూసి. "పానం బాగుంది గదా?"

ఆ మాటకు నాకు నిజంగానే జ్వరం వచ్చినట్టయింది.

మేనేజరు గొడుగు కింద గట్టు మీద నిలబడి ఉన్నాడు. నిబంధనలు నాకంటే ఆయనకే బాగా వచ్చు. "ఈయన ఈ ఏరియా మనిషి కాదు సార్. పట్టేటప్పుడు మీరు లేరు. మీ ఫారంలో మీరు ఎందుకు లేరో రాసి సంతకం పెడితేనే ఈ సీసాకు విలువ. లేకుంటే చెల్లదని రాయండి, సరిపోతాది. టీ తెప్పిస్తా."

చెల్లదని రాయడానికి నాకు పూర్తి హక్కుంది. ఎంత కమ్మని మాట! ఆయప్ప రైలు పోయింది, ఇప్పుడు సీసా కూడా పోతాది. నేను పెన్ను తీసినాను. సంతోషం దాచుకోలేక దగ్గినాను కూడా. పెద్దాయన నన్ను బతిమాలలేదు. పక్కన ఎండకు ఆరుతున్న నల్ల బండ మీదికి తన చెంబులో నీళ్లు కొన్ని ఒంపినాడు. అవీ తూము నీళ్లే, వానలో ఆయన పట్టుకున్నవి. వాన తరువాత వచ్చే ఎండ సూది మాదిరి ఉంటాది. మేము చూస్తుండగానే బండ అంచుల నుంచి తెల్లగా పొరకట్టింది.

"నీ నీళ్లకు రంగు లేదని యావడన్నాడన్నా?" అన్నాడు ఆయప్ప, నిజంగా అబ్బురపడుతూ. "సూడు, ఎంత తెలుపో!"

"ఎవరు పట్టినా అవి నా బాయిలోకి పోయే నీళ్లే గదప్పా" అన్నాడు పెద్దాయన.

నేను ఫారంలో రాసినాను: 'వాన సమయంలో అనుమతి లేకుండా సొంత పని మీద ఎమ్మిగనూరు పోయినాను. శాంపిల్ పట్టినది తోటి అసిస్టెంటు. నీళ్లు ఈ తూమువే.' కింద సంతకం పెట్టినాను. ఆయప్ప సంతకం కంటే నాలుగింతలు పెద్దగా పెట్టినాను, ఆ మాట ఒప్పుకోవాల. ఆయన నా రాత చదివి, ఎమ్మిగనూరులో నాకేం పని అని అడగలేదు. ఆ నూలు పిండే ఆమె మరుసటి రోజే అన్నీ చెప్పుంటాది. తరువాత కూడా అడగలేదు. దానికి కూడా నాకు కుళ్లే.

నాకు మెమో వచ్చింది. ఆయప్ప శిక్షణకు పోయి వచ్చినాడు. పరీక్ష కాగితం వచ్చినాక కార్ఖానావాళ్లు కట్ట వేసినారు, గుంత తవ్వి బండలు పరిచినారు, తూముకు సిమెంటు మూత పెట్టినారు. ఆ బండలు నేనూ మోసినాను. రెండు పూటలు కాదు, మూడు పూటలు. మా ఇంటామె ఒక పూట అంటాది.

ఇంకో రెండు వానాకాలాలు పోయినాక పెద్దాయన ఇత్తడి చెంబుతో ఆఫీసుకు వచ్చినాడు. అందులో ఆయన బావి నీళ్లు. "ఎనుము తాగుతాంది" అన్నాడు, అంతకు మించిన సర్టిఫికెట్టు లేనట్టు. చెంబు ముందు ఆయప్పకే ఇచ్చినాడు. న్యాయమే, అయినా నా కడుపులో ఎవరో పొయ్యి ఊదినారు. ఆయప్ప రెండు గుటకలు తాగి, "బాగుండాయి తాతా" అని నాకు అందించినాడు.

నీళ్లు ఇంకా కొంచెం ఉప్పగానే ఉన్నాయి. నేను చెంబు దించకుండా, ఊపిరి తీసుకోకుండా, అడుగున చుక్క లేకుండా తాగేసినాను. పెద్దాయన నా వీపు నిమిరి, "నిదానం అప్పా, బాయిలో ఇంకా ఉండాయి" అన్నాడు. ఆయప్ప తాగింది రెండే గుటకలు.