స్వెటర్ కింద కవర్లు

మా వాడి కొత్త జాకెట్ గరగరమంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా చిన్నప్పుడు సౌదీలోని ఉనైజాలో మా నాయన ఒక షేక్ దగ్గర డ్రైవరు. చలికాలంలో ఎడారిలో కుందేళ్ల వేటకు పోతూ షేక్ నన్నూ రమ్మన్నాడు. నాయన నాకు బనీను, చొక్కా, పైన స్వెటర్ వేసినాడు. గాలి తగలకుండా మధ్యలో పేపర్ పెట్టమంది అమ్మ. అరబ్బీ పేపర్లో అల్లా పేరుంటుందని నాయన సూపర్‌మార్కెట్ కవర్లు చుట్టినాడు.

షేక్ తుపాకీ ఎత్తేసరికి నా కవర్లు గరగరమన్నాయి. కుందేలు పారిపోయింది. షేక్ వెనక్కి తిరిగి చూసినాడు.

"పాప కదిలింది, షేక్" అన్నాడు నాయన.

బిడ్డకు కోటు లేదని ఆయన ముందు చెప్పుకోలేకపోయినాడని ఇప్పుడు తెలుస్తోంది. తెలిసినా ఒప్పుకోను. నేను కదల్లేదు. ఊపిరి పీల్చుకున్నా, అంతే.