నేను లేనప్పుడు నేనన్న మాట

నేనొక మనిషిని క్షమించానట. ఎక్కడ, ఎలా క్షమించానో వాడికి బాగా గుర్తుంది. నాకే గుర్తులేదు.

వాడు నా రూమ్మేట్. అమీర్‌పేటలో ఒకే కోచింగ్ సెంటర్లో ఇద్దరం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేవాళ్లం. అక్కడ ఏ కోర్సైనా ఉచిత డెమో క్లాసుతోనే మొదలవుతుంది. ఆ గంటలో నవ్వినవాళ్లు ఫీజు కడతారు, ఆవలించినవాళ్లు పక్క బిల్డింగ్‌లో డెమోకి పోతారు. వాడికి సబ్జెక్టు వచ్చు, నాకు నోరు వచ్చు. ఇద్దరం బయటికొచ్చి సొంతంగా బ్యాచ్ పెట్టాలనుకున్నాం. డెమో నాది, సిలబస్ వాడిది. గది కూడా చూసి పెట్టుకున్నాం, లిఫ్టు లేని పై అంతస్తులో. మెట్లెక్కి వచ్చినవాడు ఫీజు కట్టకుండా దిగడని మా లెక్క.

ఈలోగా నా కడుపు అడ్డం తిరిగింది. హాస్టల్ సాంబారుకీ నాకూ చాలాకాలంగా పడటం లేదు. పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేయాలన్నారు. మత్తు ఇస్తారు కనుక వెంట ఎవరైనా ఉండాలన్నారు. ఇంట్లో చెబితే మా అమ్మ కడుపుమంటకి మందుగా ఆవకాయ జాడీతో దిగుతుంది. అందుకని వాణ్ని తీసుకెళ్లాను.

డాక్టరు ఓపికమంతుడు. మెదడులో హడావిడిని తగ్గించే ఒక రసాయనం ఎప్పుడూ ఉంటుందట, దాని పేరు గాబా. ఈ ఇంజెక్షన్ దానికి బలమిస్తుందట. మనిషి పూర్తిగా నిద్రపోడు. పిలిస్తే పలుకుతాడు, అడిగితే జవాబు చెబుతాడు. జరిగింది మాత్రం జ్ఞాపకంగా నిలవదు. పక్కన నిలబడి మా వాడు కూడా ఇదంతా విన్నాడు. శ్రద్ధగా విన్నాడు.

గొంతులో చేదు స్ప్రే, చేతికి సూది. ఆ తర్వాత ఆటో. మధ్యలో ఏమీ లేదు. నిద్రపోయి లేస్తే కనీసం నిద్రపోయామన్న సంగతైనా తెలుస్తుంది, ఇక్కడ అదీ లేదు. ఆటోలో వాడు నర్సు చెప్పిన జాగ్రత్తలు నాకు అప్పజెప్పాడు. ఇవాళ బండి నడపొద్దు, ఎక్కడా సంతకం పెట్టొద్దు, పెద్ద నిర్ణయాలు తీసుకోవద్దు. సొంత తమ్ముడైనా ఇంత బాగా చూసుకోడని నేను ముచ్చటపడ్డాను.

కొన్నాళ్లకు మెట్రో మెట్లు దిగుతుంటే ఎవరో చేతిలో పాంప్లెట్ పెట్టారు. అమీర్‌పేటలో అదేం వింత కాదు. ఎవరూ పాంప్లెట్ ఇవ్వకపోతేనే మనం బతికున్నామా అని చూసుకోవాలి. దాని మీద వాడి ఫోటో. పక్కన మా సెంటర్లోనే చెప్పే ఇంకో సారు ఫోటో. కింద మేం చూసుకున్న గది అడ్రసు. డెమో ఆ సాయంత్రమే.

వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. వాడు మైకు అందుకుని, "ఈ రూమ్ల ఏసీ పనిచేస్తలేదు, ప్రొజెక్టర్ సగమే పడుతుంది. గిది కనిపెట్టినోళ్లంతా ఆల్రెడీ టెస్టర్లే. సర్టిఫికెట్ ఒక్కటే తక్కువ," అన్నాడు.

అది నా జోకు. గదంతా నవ్వింది. నాకంటే బాగా చెప్పాడు, అది ఇంకో దెబ్బ.

గుండె దడదడలాడినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ లాంటివి ఆ క్షణాన్ని మెదడులో గట్టిగా అతికిస్తాయని తర్వాత చదివాను. నిజమే. గోడ మీద చెమ్మ మరక, ముందు వరసలో ఆగిపోయిన ఫ్యాను, వాడు వేసుకున్న నా నీలం చొక్కా, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. క్షమించినది ఒక్కటే లేదు.

క్లాసయ్యాక చాయ్ హోటల్లో కూర్చోబెట్టి అడిగాను. వాడు నావైపే ఆశ్చర్యంగా చూశాడు.

"నీకు చెప్పిన కదరా, దవఖాన్ల. ఆ సారు పైసలు పెడతనంటుండు, నాకొక్కనికే జాగా ఉందంటుండు అని మొత్తం చెప్పిన. నువ్వే నా చెయ్యి పట్టుకొని, పర్లేదురా, కానివ్వు అన్నవ్."

అనే ఉంటాను. అదే నా బాధ. ఆ మత్తులో కిడ్నీ అడిగినా రెండూ తీసుకోమనేవాణ్ని. వాడు అబద్ధమాడి ఉంటే తిట్టి లేచి పోయేవాణ్ని. వాడు నిజమే చెప్పాడు. కాకపోతే, నాలో గుర్తుపెట్టుకునేవాడు లేని సమయం చూసుకుని చెప్పాడు.

"సరే, ఇప్పుడు చెప్పు," అన్నాను. "అవే మాటలు. మెలకువగానే ఉన్నాను. ఏమో, మళ్లీ పర్లేదంటానేమో."

వాడు కప్పులోకి చూశాడు. ముంచిన బిస్కెట్ విరిగి లోపల పడింది. దాన్ని చెంచాతో తీయడానికి చాలాసేపు పట్టింది.

"నువ్వు గట్ల చూస్తుంటే చెప్పొస్తలేదు భాయ్," అన్నాడు.

తర్వాత డాక్టరు మళ్లీ ఒకసారి లోపల చూడాలన్నాడు. కౌంటర్లో ఆవిడ, వెంట ఎవరొస్తున్నారని అడిగింది. ఫోన్లో పేర్లు పైకీ కిందికీ జరిపాను. మత్తు లేకుండానే చేయమన్నాను.

"కష్టం బాబూ. అంతా తెలుస్తుంది," అంది.

తెలియనివ్వండి అన్నాను.

నిజంగానే కష్టం. గొట్టం దిగుతుంటే కళ్ల వెంట నీళ్లు కారాయి. పౌరుషం మొదటి వాంతి దాకానే నిలబడింది. కానీ ప్రతి క్షణం నా దగ్గరే ఉంది. అరగంట ఆగి బయటికొచ్చాను. ఆ రోజు నేను బండి నడపొచ్చు, సంతకం పెట్టొచ్చు, పెద్ద నిర్ణయాలు తీసుకోవచ్చు. స్కూటర్ తీసి బోరబండ వెళ్లి, ఒక్కడికి సరిపడే గదికి అద్దె కాగితం మీద సంతకం పెట్టాను. నీలం చొక్కా మాత్రం వాడికే వదిలేశాను. డెమోకి బాగుంటుంది.