థీసిస్‌లో లేని మా పేరంటాలమ్మ

నిన్న పొద్దున కాఫీ కలుపుతుంటే గుడివాడ నుంచి ఫోన్. రాజ్యం పోయిందట.

"ఏ రాజ్యం?" అని అడిగాను. నాకున్నది ఒక్క రాజ్యమే. అయినా అడిగాను.

నిద్రలోనే అట. హార్ట్. మొన్న సాయంత్రం కూడా ఫోన్ చేసి బీపీ టాబ్లెట్ వేసుకోలేదని నన్ను తిట్టింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. రాజ్యలక్ష్మి బందరు హాస్టల్లో నా రూమ్మేట్. తర్వాత గుడివాడలో లెక్చరర్. వేరే దేశాల్లో స్థిరపడిన మన తెలుగువాళ్ల ఇళ్లలో ఏ పటాలుంటాయి, వాటిని ఎవరు వేశారు, ఇక్కడి నుంచి వెళ్లినవేనా, ఇదీ దాని రీసెర్చ్.

"పక్కనే పెడన ఉంది కదే, హాయిగా కలంకారీ మీద చేసుకో" అనేదాన్ని. వినే రకమా.

తొంభైల చివర్లో నాగాయలంకలో మా అత్తగారింటికి వచ్చింది. మంచినీళ్లు కూడా తాగకుండా కుర్చీ ఎక్కి మా పేరంటాలమ్మ పటాన్ని వెనక్కి తిప్పి చూస్తోంది. మా అత్తగారు బిత్తరపోయి, "కాళ్లన్నా కడుక్కుని ఎక్కమ్మా" అన్నారు.

ఆ పటం కథ ఇది. మా మావగారి మేనత్త తన భర్తతో కలిసి మలయా, అంటే ఇప్పటి మలేషియా, వెళ్లింది. యుద్ధం రోజుల్లో కబుర్లు ఆగిపోయాయి. తిరిగొచ్చినవాళ్లెవరో ఆవిడ జ్వరంతో పోయిందన్నారు. భర్త ఉండగా పోయిన పుణ్యస్త్రీ కదా, పేరంటాలమ్మగా నిలుపుకున్నారు. ప్రయాణానికి ముందు బందరులో తీయించిన ఫోటో చూసి రేకు మీద పటం వేయించారు.

గడ్డం మీద పచ్చబొట్టు. నుదుట రూపాయి కాసంత బొట్టు.

ఏటా మాఘ పౌర్ణమికి ఆవిడకి చీర, పరమాన్నం. ఇంట్లో ఏ ఆడపిల్ల పెళ్లయినా ముందు ఆవిడకే పసుపు కుంకుమ.

రాజ్యం ఆ పటానికి ఫోటో తీసుకుని మలేషియా వెళ్లింది. అక్కడ మనవాళ్ల ఇళ్లలో "ఇలాంటి పటమేదైనా మీ ఇంట్లో ఉందా?" అని చూపిస్తూ తిరిగింది.

ఒక ఇంట్లో ఒక ముసలావిడ ఆ ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసిందట.

"ఇది నేనేనమ్మా" అందట.

గడ్డం మీద అదే పచ్చబొట్టు. నుదురు మాత్రం బోసిగా ఉంది. భర్త పోయి చాలా ఏళ్లయిందట.

తిరిగి రాగానే రాజ్యం నేరుగా మా ఇంటికొచ్చింది. మధ్యాహ్నం, అందరూ పడుకున్నారు. వంటింటి తలుపు దగ్గరగా వేసి చెప్పింది. నేను నవ్వాను. "ఆ కాలంలో పచ్చబొట్లు ఎవరికి లేవే" అన్నాను.

"మిగతాది కూడా విను" అంది.

ఆవిడకి ఏటా ఒక రోజు ఆకలెయ్యదట. పొద్దున్నుంచీ కడుపు నిండినట్టే ఉంటుందట. నోట్లో పరమాన్నం రుచి. ఏ రోజని అడిగితే మాఘ పౌర్ణమి అందట.

"ఇంకోటి కూడా అడిగిందే. ఈ మధ్య తీపి తగ్గింది, వండే చెయ్యి మారిందా అని."

అత్తగారికి షుగర్ వచ్చి వంటిల్లు నా చేతికొచ్చాక బెల్లం తగ్గించింది నేనే. ఆ సంగతి మా ఇంట్లోవాళ్లే గమనించలేదు.

ఆ సాయంత్రం పటం దగ్గర దీపం పెట్టడానికి వెళ్లలేకపోయాను. బతికున్న మనిషికి సాంబ్రాణి వేస్తున్నాం. ఆవిడ అక్కడ తింటోంది. ఇప్పటికీ తలుచుకుంటే భయమే.

కానీ రాజ్యానికి కావాల్సింది సరిగ్గా అదే. ఇక్కడి పటం, అక్కడి మనిషి. ఏళ్ల తరబడి దానికోసమే తిరిగింది.

"రాస్తావా?" అన్నాను.

"వద్దంది" అని ఆవిడ మాటలు చెప్పింది. "నేనున్నానని, ఇలా ఉన్నానని తెలిస్తే పటం దించేస్తారు. ఇక్కడ ఎలాగూ చెరిపేశారు. అక్కడన్నా నా బొట్టు ఉండనివ్వమ్మా."

రాజ్యం రాయలేదు.

వైవాకి నేనూ వెళ్లాను. "ఇన్ని పటాలు చూపించారు. ఒక్కటైనా ఇక్కడ ఏ ఇంటితో ముడిపడిందో తేల్చగలిగారా?" అని అడిగాడు ఎగ్జామినర్.

"లేదండీ" అంది.

డిగ్రీ ఇచ్చారు గానీ, పైపైన చేసిన పని అని అందరి ముందూ అన్నారు. నాకు ఒళ్లు మండి లేవబోయాను. రాజ్యం నా వైపు ఒక్క చూపు చూసింది. కూర్చున్నాను. ఆ మాట దాన్ని ఉద్యోగంలో చివరిదాకా వెంటాడింది.

తర్వాత ఒక ఏడాది మాఘ పౌర్ణమి నాడు నైవేద్యం పెట్టిన గిన్నె సాయంత్రమైనా చల్లారలేదు. ముట్టుకుంటే చెయ్యి కాలింది. అప్పటికే అక్కడ ఆవిడ పోయిందని రాజ్యానికి ఆ తర్వాత కబురొచ్చింది.

మా అత్తగారు ఇదేమీ తెలియకుండానే పోయారు. నిన్నటిదాకా ఇది తెలిసింది రాజ్యానికీ నాకూ. ఇప్పుడు నాకొక్కదానికే. పైపైన చేసిన పని అన్న మాట దాని మీద మిగిలిపోతే నేను ఊరుకోలేను. అందుకే రాస్తున్నాను.

మా అత్తింటివాళ్లు చదువుతారని తెలుసు. చదవండి. ఆ పటం మీద చెయ్యి వెయ్యాలంటే ముందు నాతో మాట్లాడండి.

రాజ్యం, ఇక నిన్నెవరూ ఏమీ అడగరు. తెలిసి కూడా లేదండీ అని చెప్పే పని లేదు నీకు.

ప్రశాంతంగా పడుకో తల్లీ.