మాటలు తీసేసిన డబ్బింగ్

ఈ రోజు మా చిన్న తమ్ముడు సుధాకర్ పుట్టినరోజు. వాడు కాలేజీలో ఉండగా ప్రాణంగా చూసుకున్న ఇంగ్లీషు రాక్ క్యాసెట్‌ను సాతాను పాటలని నేనే పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేశాను. ఆ తప్పు దిద్దుకుందామని, నాంపల్లి చర్చిలో ఆరాధన కాగానే అబిడ్స్‌కు నడిచి, పేవ్‌మెంట్ మీద సీడీలమ్మే పెద్దాయనను అడిగాను. అదే పేరు, అట్ట మీద అదే బొమ్మ ఉన్న సీడీ తీశాడు.

"గిది డబ్ అమ్మా, రెగ్గే," అన్నాడు.

"తెలుగులకు డబ్ చేసిన్రా?"

"లేదమ్మా, ఇంగ్లీషే."

ఇంగ్లీషు పాటకు ఇంగ్లీషు డబ్బింగ్ ఎందుకో అర్థం కాకపోయినా కొన్నాను.

భోజనాలయ్యాక పెట్టాం. బేస్ మోతకు స్టీలు గ్లాసులు వణికాయి. గొంతు ఒక్క మాట పలికి, బావిలో పడ్డట్టు మాయమవుతోంది. తమ్ముడు చెప్పాడు, రెగ్గే సంగీతంలో డబ్ అంటే మాటలు మార్చడం కాదట, తీసేయడమట! వెంటనే వెనక్కి తీసుకెళ్తే, "విన్న సీడీ వాపస్ తీసుకోనమ్మా. జర అలవాటు కావాలె," అన్నాడాయన. ఓపిక కోసం రోజూ ప్రార్థించే మనిషిని, సీడీ పట్టుకుని ఇంటికొచ్చేశాను.

"అక్కా, అప్పుడు పాటలు పారేసినవ్. ఇప్పుడు మాటలు పారేసినవా?" అని తమ్ముడు పడి పడి నవ్వాడు.

ఇది రాస్తుంటే పక్క గదిలో మూడోసారి పెట్టాడు. మాటలు లేని చోటల్లా తనే పాడుతున్నాడు, ఒక్కటీ మర్చిపోలేదు. అసలు ఆల్బమ్ మీలో ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చెప్పండి. డబ్ మాత్రం వద్దు.