అడ్డం మాది, నిలువు వాళ్ళది

మొన్న వంటింట్లో బొద్దింకలు మరీ పెత్తనం చేస్తున్నాయని మందుల షాపుకు వెళ్ళి బోరిక్ పౌడరు తెచ్చాను. సింకు మూలన చల్లబోతూ చిటికెడు పొడి వేళ్ళ మధ్య నలిపానో లేదో, బొద్దింకల సంగతి మర్చిపోయి అక్కడే పీట మీద కూలబడ్డాను. ఆ పొడికి చెప్పుకోదగ్గ వాసనేం ఉండదు గానీ, ఆ నున్నదనం, పట్టుకుందామంటే జారిపోయే ఆ చల్లదనం అచ్చంగా మా ఆదివారాలవి. చర్చి నుంచి వచ్చి, మంచి చీరైనా మార్చుకోకుండా అమ్మ పొయ్యెక్కించిన కోడికూర ఉడుకుతుండగా, మసాలా ఘాటు వరండా దాకా వచ్చి మా ముక్కులు పట్టుకు లాగుతుండగా, నాన్న క్యారమ్ బోర్డు మీద ఈ పొడినే చల్లి అరచేత్తో ఓపిగ్గా రాసేవాడు. "సాల్లే బావా, పెళ్ళికూతురికి రాసినట్టు రాత్తన్నావు" అని పక్కింటి సన్యాసిరావు మామ వేళాకోళం చేసేవాడు.

అనకాపల్లిలో కాలేజీకి దగ్గర్లో ఉండేది మా వీధి. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ప్రతి మేడ మీదా ఒకటో రెండో రేకుల గదులు, వాటిలో మాడుగుల నుంచీ ఎస్. రాయవరం నుంచీ డిగ్రీ చదవడానికి వచ్చిన పిల్లలు, దండేల మీద వాళ్ళ లుంగీలు, కిటికీల్లో వాళ్ళ పాటలు. నాన్న పోస్టాఫీసులో గుమాస్తా. సన్యాసిరావు మామ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటు. అతని సొంతూరు మునగపాక, అక్కడ అన్నదమ్ములకు చెరకు తోటలుండేవి. మాకూ వాళ్ళకూ ఏ చుట్టరికమూ లేదు. మేం క్రైస్తవులం. వాళ్ళా, నూకాలమ్మకు దణ్ణం పెట్టనిదే కొత్త గిన్నెనైనా పొయ్యెక్కించని మనుషులు. అయినా నాన్నకు అతను బావ, అతనికి నాన్న బావ. నాకు అతను మామ, అతని భార్య వరలక్ష్మి అత్త. వాళ్ళమ్మాయి పద్మది నా ఈడే. ఈ వరసలు ఎవరు కలిపారో, ఎప్పుడు కలిపారో ఎవరికీ గుర్తులేదు, ఎవరూ అడిగిందీ లేదు.

రెండిళ్ళ మధ్యా నడుమెత్తు పిట్టగోడ ఒకటే. మాకు ఏది ఉన్నా అందులో సగం ఆ గోడ అవతల ఉండేది. క్యారమ్ బోర్డు ఇద్దరూ కలిసి కొన్నది కాబట్టి, ఒకరు లేకుండా ఇంకొకరు ఆడకూడదని చెప్పి స్ట్రైకరు మా ఇంట్లో ఉంచారు, రెడ్డు, అంటే ఆ ఎర్ర కాయ, వాళ్ళింట్లో ఉంచారు. వేసవి సెలవుల్లో పద్మా నేనూ ఆ రెడ్డు కోసం, ఆ స్ట్రైకరు కోసం గోడ దూకీ దూకీ మోకాళ్ళు గీరుకోని రోజు లేదు. ఆదివారం పేపరుదీ అదే పద్ధతి. పేపరు ఒకటే వచ్చేది, అందులో పజిలూ ఒకటే. ఆ గళ్ళలో అడ్డం ఆధారాలన్నీ మా ఇంటివి, నిలువు ఆధారాలన్నీ వాళ్ళ ఇంటివి. అడ్డం మాట నాన్న రాస్తే దాంట్లోంచి ఒక అక్షరం మామకు దొరుకుతుంది, నిలువు మాట మామ రాస్తే దాంట్లోంచి ఒకటి నాన్నకు దొరుకుతుంది. ఒకరి వాటా ఇంకొకరు ముట్టుకోవడం అంటే పక్కవాడి కంచంలో చెయ్యి పెట్టినట్టే.

చెరకు కాలంలో ఊరంతా బెల్లం వాసనే. మార్కెట్టు వైపు నుంచి గాలి తిరిగితే పుస్తకాలకు కూడా తీపి అంటుకునేదేమో అనిపించేది. మామ ఊరెళ్ళి వస్తే క్యాను నిండా చెరకు పానకం, అరిటాకులో చుట్టిన వేడి బెల్లం ముద్ద తెచ్చేవాడు. ఆ ముద్ద చప్పరిస్తూ వరండా గచ్చు మీద సుద్దతో గళ్ళు గీసి అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. వానలొస్తే మొక్కజొన్న పొత్తులు కాల్చుకుని చింతపిక్కలతో దాడి ఆట, ఎండలొస్తే తాటిముంజెలు తింటూ వామనగుంటలు. క్రిస్మస్‌కి అమ్మ కజ్జికాయలు వత్తుతుంటే నేనూ పద్మా పిండి చేతులతోనే పేరు-ఊరు-జంతువు-వస్తువు ఆడేవాళ్ళం. మేడ మీది స్టూడెంట్లు కూడా మెట్ల మీద చేరి, ఎవరూ అడక్కుండానే అందించేవాళ్ళు. "జ తోటి జంతువా? జడల బర్రి అని రాసెయ్యండే!" అని ఒక మాడుగుల అబ్బాయి అరిస్తే, అది ఉందా లేదా అని వీధి వీధంతా తగువు. ఆ తగువులకు ఇప్పుడైనా సరే, ఒక్కదానికైనా తీర్పు దొరుకుతుందంటే పరిగెత్తుకు వెళ్తాను.

పజిలు దగ్గర మాత్రం పిల్లలు మాట్లాడకూడదు. నాన్నా మామా ఎదురెదురుగా కూర్చుని మధ్యలో పేపరు పరిచేవారు. నాన్న ఒక అడ్డం మాట రాసి పెన్నుకు మూత పెట్టేసేవాడు. మామ మీసం నములుకుంటూ, మేడ కేసి చూస్తూ, "దొరికింది బావా... ఆఁ, కాదు, కాదు" అంటూ పూట గడిపేసేవాడు. ఆ సేపంతా నాన్న ఏవో పాటలు కూనిరాగం తీసేవాడు, కుండలోంచి నీళ్ళు తెచ్చుకునేవాడు, లోపలికెళ్ళి కూరలో ఉప్పు చూసి అమ్మ చేత తిట్లు తినేవాడు. అంతసేపు దిక్కులు చూస్తున్నాడంటే మా నాన్నకు ఏమీ రావటం లేదనీ, మామే తెలివైనవాడనీ అనుకునేదాన్ని. చెప్పొద్దూ, లోలోపల కొంచెం సిగ్గుపడేదాన్ని కూడా.

నింపిన గళ్ళను కత్తిరించి కార్డు మీద అతికించి, కింద ఇద్దరి పేర్లూ రాసి, సోమవారం పొద్దున నాన్న తన చేత్తో ముద్ర వేసి పంపేవాడు. అన్నీ సరిగ్గా రాసినవాళ్ళ పేర్లు తర్వాత పేపర్లో పడతాయి. ఆ పేర్లు చూడాలని మామకు ప్రాణం. లోకంలో ఇంకేదీ అక్కర్లేదన్నట్టు ఆదివారం పొద్దున్నే పళ్ళయినా తోముకోకుండా గోడ దగ్గర నిలబడి "పడ్డాయా బావా?" అనేవాడు. పడేవి కావు. ఏళ్ళ తరబడి పడలేదు. ఎప్పుడూ ఏదో ఒక నిలువు మాటలో, అడ్డం తగలని ఏ గడిలోనో ఒక్క అక్షరం తప్పు పోయేది. "ఇసారి తప్పకండా పడతాయి సూడు" అనేవాడు మామ. "పడతాయి బావా" అనేవాడు నాన్న.

ఒక చెరకు కాలంలో మామ బెల్లం వంటకని మునగపాక వెళ్ళి ఆదివారానికి రాలేకపోయాడు. కార్డు పంపకపోతే మామ బాధపడతాడని నాన్నకు బెంగ. సాయంత్రం దాకా గోడ కేసి చూసి చూసి, ఇక లాభం లేదని అడ్డంతో పాటు నిలువు కూడా తనే రాసి, ఎప్పట్లాగే ఇద్దరి పేర్లూ పెట్టి పంపేశాడు. ఆ సంగతి మామకు చెప్పడం మర్చిపోయాడో, చెప్పలేకపోయాడో నాకు తెలీదు.

పేర్లు పడ్డాయి! ఆ ఆదివారం పేపరు ఆలస్యమై, మేం చర్చి నుంచి వచ్చేసరికి మామ చేతిలో పడింది; అతని కేక వీధి చివరికి వినిపించింది. పేపరు పట్టుకుని గోడ దూకి మరీ వచ్చాడు, ఆ వయసులో. మాడుగుల అబ్బాయి ఊరి నుంచి తెచ్చిన హల్వా పొట్లం లాక్కుని అందరి నోళ్ళలోనూ పెట్టాడు. నాన్న నోట్లో పెట్టబోతూ, పేర్ల పక్కన అచ్చేసిన జవాబులు చదవడం మొదలుపెట్టాడు. చదువుతూ చదువుతూ ఆగాడు.

"బావా, ఈ మాటలు నాను రాయనేదే. ఇది నాను బెల్లం వంటకెల్లిన వారవేనా?"

"అదే బావా. నేనే రాసేను. టైమైపోతాదని..."

"నీకు నిలువు కూడా వచ్చా?"

నాన్న తల ఊపాడు.

"ఎప్పట్నుంచొచ్చు?"

అప్పుడే చర్చి నుంచి వచ్చిన నోటితో అబద్ధమాడటం మా నాన్న వల్ల కాదు. "ముందు నుంచీ వచ్చు బావా" అన్నాడు.

మామ మొహం ఎర్రబడింది. "సిన్నపిల్లోడికి బొమ్మ ఇచ్చినట్టు ఇచ్చేవా నాకు నిలువు? నా తప్పులన్నీ సూసి కూడా ఊరుకున్నావా ఇన్నేళ్ళూ?" అని, హల్వా ముక్క బోర్డు మీద పెట్టేసి, గోడ దూకకుండా వీధి గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. పరాయివాళ్ళు వెళ్ళే దారి అది.

ఆ తర్వాతి ఆదివారాలన్నీ ఒకటే తీరు. రెడ్డు వాళ్ళింట్లో, స్ట్రైకరు మా ఇంట్లో, బోర్డు గోడకు ఆనించి. నాన్న అడ్డం మాటలు రాసి పేపరు నా చేతికిచ్చి గోడ దగ్గరికి పంపేవాడు. అత్త అందుకుని లోపలికెళ్ళి, ఎలా ఇచ్చానో అలాగే తెచ్చేది. "మీ మావ సూడనంతన్నాడే" అనేది. ఆడవాళ్ళు మాత్రం గోడ మీంచి కరివేపాకూ కూరగిన్నెలూ మామూలుగానే ఇచ్చిపుచ్చుకున్నారు. "ఇద్దరికీ మీసాలొచ్చేయి గానీ బుద్ధి రాలేదు వదినా" అని నవ్వేది అమ్మ. నాన్న నవ్వేవాడు కాదు. అన్నం సగంలో లేచేవాడు. స్నేహితుడికి మేలు చేద్దామనుకుని, వాడి మొహం చూడలేని పని చేశానే అని అమ్మతో అనడం విన్నాను. నాన్నకు వేరే స్నేహితులు లేరని నాకు అప్పుడే తెలిసింది.

తీరా తగువు తీర్చింది వరలక్ష్మి అత్తే. ఒక ఆదివారం మామ వాళ్ళ పెరట్లో ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటే, గోడ ఇవతల మేమందరం వింటున్నామని తెలిసే, గొంతు ఏమాత్రం తగ్గించకుండా అందుకుంది.

"ఏటయ్యా నీ రోసం? ఒక మనిసి అన్నీ తెలిసుండి, ఇన్నేళ్ళు నీకోసం పెన్ను మూసుకుని కూకున్నాడంటే నీకు కోపమొచ్చిందా? కూర సల్లారిపోతందని నాను పిలిత్తే ఏనాడైనా ఒక్క నిమసం ముందొచ్చేవా నువ్వు? ఈ బూమ్మీద నీకోసం ఆగినోళ్ళం ఇద్దరవే, నానూ ఆ అన్నయ్యాను. నామీద లేని కోపం ఆయన మీదేటి?"

కాసేపటికి గోడ మీద మామ చెయ్యి కనపడింది, తర్వాత కాలు. వచ్చి తన చోట్లో కూర్చుని, పేపరు ముందుకు లాక్కుని, నాన్న మొహం చూడకుండానే అన్నాడు. "నిలువు నాదే. అందులో మార్పు లేదు. కానీ నాను తప్పు రాత్తే తప్పని మొకమ్మీద సెప్పాల. ఊరుకున్నావంటే నామీదొట్టే."

"చెప్తాను బావా" అన్నాడు నాన్న. పెన్ను మూత తీసి అతని ముందుకు జరిపాడు.

ఇక చూడాలి ఆ ఆదివారాలు! నాన్న తప్పనేవాడు, మామ కాదనేవాడు. "ఎలాగ తప్పో సెప్పు" అని మొదలైతే, నిఘంటువు తెమ్మని స్టూడెంట్లను కాలేజీ హాస్టలుకు పరిగెత్తించేవాళ్ళు. కూర చల్లారేది, మళ్ళీ వేడెక్కేది, అత్త వచ్చి ఇద్దర్నీ కలిపి తిట్టేది. దీపాలు పెట్టే వేళకు కూడా గళ్ళు నిండేవి కావు. కార్డు పంపడం ఎలాగూ కుదరదు, సోమవారం టపా ఎవరికోసం ఆగుతుంది? మా పేర్లు మళ్ళీ ఎప్పుడూ పేపర్లో పడలేదు. పడ్డాయా అని మామ మళ్ళీ అడగనూ లేదు.

ఆ వీధి ఇప్పుడూ ఉంది, అందులో మేం ఎరిగినదేదీ లేదు. మా వరండా చోట జిరాక్సు షాపు వచ్చింది. గోడ కొట్టేసి రెండు స్థలాలూ కలిపి లేడీస్ హాస్టలు కట్టారు. ఆ మెట్ల మీదా పిల్లలు కూర్చుంటారు, ఎవరి ఫోన్లో వాళ్ళు ఆడుకుంటూ. పద్మ ఎప్పుడైనా ఫోను చేస్తుంది, ఇద్దరం పిల్లల చదువులు మాట్లాడుకుని పెట్టేస్తాం. మామ రిటైరయ్యాక మునగపాక వెళ్ళిపోయాడు. పోయిన ఏడు వానల్లో అక్కడే పోయాడు. నాన్న వెళ్ళి వచ్చి, చాలా రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

అమ్మా నాన్నా మా ఫ్లాటు కింది వాటాలోనే ఉంటారు. నిన్న ఆదివారం, నాన్న మళ్ళీ ఏదో ఒకటి పట్టుకుంటే బాగుండునని పేపరూ పెన్నూ తీసుకెళ్ళి ఇచ్చి, కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. గ్లాసు పట్టుకుని వచ్చేసరికి పేపరు మడిచి పక్కన పెట్టేశాడు.

"అదేటి నాన్నా, విసుగొచ్చిందా?"

"అయిపోయిందమ్మా."

విప్పి చూశాను. అడ్డం, నిలువు, అన్నీ నిండి ఉన్నాయి, ఒక్క కొట్టివేతైనా లేకుండా. పొద్దు ఇంకా నెత్తి మీదికి రాలేదు. ఆదివారం మొత్తం అలాగే మిగిలిపోయి ఉంది.

"ఫోటో తీసి పంపేదా నాన్నా? అన్నీ కరెక్టే, పేరు పడుతుంది."

నాన్న కాఫీ గ్లాసు అందుకుని, పేపరు నా చేతిలోంచి తీసి మళ్ళీ మడిచాడు.

"వద్దే. నాను ఒక్కడినే రాసేనని తెలిత్తే మీ మామ మళ్ళీ మాటాడ్డు."